ఊడ్వని మూల

లిఫ్ట్ తలుపులు మూసుకోబోతుండగా ఒక చెయ్యి అడ్డం వచ్చింది. నల్లటి తోలు గ్లవ్ వేసుకున్న చెయ్యి. లోపలున్న బిల్డ్ ఇంజనీరు మర్యాదగా పక్కకు జరిగాడు. ఫోన్‌లో మాట్లాడుతూ ఉండటంతో వచ్చిందెవరో తలెత్తి చూడలేదు.

"సోర్స్ కోడ్‌లో ఏమీ లేదు సార్. నేనే మూడుసార్లు వెతికాను," అన్నాడు గొంతు తగ్గించి. "మేం ఊడ్వని మూల ఒకటుంది. దొంగ అక్కడున్నాడు. ఆ మూల ఏదంటే..."

మెడ మీద ఏదో చురుక్కుమంది. దోమ అనుకుని చెయ్యి వేసుకున్నాడు పాపం. మధ్య అంతస్తులో గ్లవ్ చెయ్యి దిగిపోయింది. లిఫ్ట్ కిందికి చేరేసరికి అతను గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కళ్లు తెరుచుకునే ఉన్నాయి. కిందపడిన ఫోన్‌లోంచి ఎవరో "హలో... హలో..." అంటూనే ఉన్నారు.

*

ఆ హలో అంటున్నది గూఢచారి డిపార్ట్‌మెంట్ చీఫ్. ఆయన అసలు పేరు జీతాల సెక్షన్‌కి కూడా తెలియదు. అందరూ పెద్దాయన అంటారు. కాసేపటికల్లా ఆయన గదిలో మన ఏజెంటు నిలబడి ఉన్నాడు.

ఈ ఏజెంటుకు డిపార్ట్‌మెంట్‌లో 'ఆవలింత' అని పేరు. ఎదురుగా తుపాకీ గురిపెట్టినా ఆవలిస్తాడు. అదంతా గుండె నిబ్బరం అనుకుని జూనియర్లు నోరు తెరుచుకుని చూస్తారు. అసలు సంగతి వేరు. భయం వేస్తే కొందరికి చెమట పడుతుంది, కొందరికి కాళ్లు వణుకుతాయి, ఇతనికి ఆవలింత వస్తుంది. ఎంత భయమో అంత ఆవలింత. ఈ గుట్టు తెలిసిన మనిషి ప్రపంచంలో ఇంకొక్కతే ఉంది, వాళ్ల అక్క. చిన్నప్పుడు చీకటి పడ్డాక పెరట్లోకి తోడు వెళ్లింది ఆవిడే మరి.

ఆ అక్కే పొద్దున ఫోన్ చేసింది.

"ఒరేయ్, సాయంత్రం నాలుగింటికి నా రైలు. గుర్తుందా?"

"గుర్తుందక్కా. రావాలనే ఉంది, కానీ పని..."

"నీకెప్పుడు లేదు గనక! చేసేది ఏసీ రిపేర్లు, మాటలు మంత్రిగారివి." అక్క లెక్కలో తమ్ముడు ఏసీ మెకానిక్. డిపార్ట్‌మెంట్ అతనికి ఇచ్చిన ముసుగు అది. "సరే, రైలు దిగి నేరుగా నీ గదికే వస్తా. కాస్త ఊడ్చి పెట్టు. పోయినసారి మంచం కింద ఏదో కదిలింది."

సముద్రం అడుగున కొత్తగా తవ్విన సొరంగంలో ఇవాళ మొదటి రైలు వెళ్తుంది. దాన్ని నడిపేది అక్క. ఇంట్లో అందరూ ఆడపిల్లకి ఇంజనెందుకన్నా, ఏళ్ల తరబడి గూడ్సు బళ్లు నడిపి, పరీక్షల మీద పరీక్షలు రాసి ఆ సీటు తెచ్చుకుంది. ఫోన్‌లో ఆవిడ గొంతు వింటే చాలు, ఎంత మురిసిపోతోందో తెలుస్తుంది.

పెద్దాయన పెన్సిల్ చెక్కుతూ ఒక్క మాట అన్నాడు. "చెద."

అది ఒక విదేశీ ముఠాకి డిపార్ట్‌మెంట్ పెట్టుకున్న పేరు. గోడ పైకి చెక్కుచెదరదు, లోపల అంతా తినేసి ఉంటారు.

"ఈసారి ఏం తింటున్నారు సార్?"

"బ్రేకులు. సొరంగం రైలు బ్రేకుల్ని నడిపే సాఫ్ట్‌వేర్‌లో వాళ్ల ముక్క ఒకటి దూరింది. రైలు మొత్తం సొరంగంలోకి వెళ్లాక బ్రేకు పడదు. అవతలి కొసన మలుపుంది."

ఏజెంటు ఆవలించాడు.

"రైలులో ఎవరుంటారు?"

"సొరంగం తవ్విన కూలీలు, వాళ్ల పెళ్లాం బిడ్డలు. మొదటి ప్రయాణం వాళ్లదేనన్నారు."

"రైలు ఆపించండి."

"అడిగాను. రైల్వే వాళ్లు రుజువు చూపించమన్నారు. సోర్స్ శుభ్రంగా ఉందని వాళ్ల దగ్గర సర్టిఫికెట్లున్నాయి. నా దగ్గర చచ్చిపోయిన మనిషి చెప్పిన సగం మాట ఉంది." పెద్దాయన పెన్సిల్ మొన చూసుకున్నాడు. "డ్రైవర్ ఎవరో నాకు తెలుసు. అందుకే వేరేవాణ్ని పంపుదామనుకున్నాను. కానీ ఆ సాఫ్ట్‌వేర్ రాసే ఆఫీసు సర్వర్ రూమ్‌లోకి అనుమానం రాకుండా వెళ్లగలిగేది ఏసీ మెకానిక్ ఒక్కడే. వెళ్తావా?"

"ఇప్పుడే వెళ్తాను సార్."

టెక్నికల్ సెక్షన్ వాళ్లు టూల్ బ్యాగ్ సిద్ధం చేశారు. స్పానర్లు, కేబుల్ టైలు, చిన్న గ్యాస్ సిలిండర్. "చూడ్డానికి ఏసీలో నింపే గ్యాసే. మీట తిప్పితే మాత్రం గది నిండా మంచు పొగ. నీ మొహం వైపు పెట్టుకుని తిప్పకు," అని మరీ మరీ చెప్పారు.

"లోపల మన మనిషి ఒకామె ఉంది," అన్నాడు పెద్దాయన చివరగా. "కోడ్ నేమ్ కాటుక. పైకి సెక్యూరిటీ ఆడిటర్. మూడేళ్లుగా చెదలో ఉండి మనకు కబుర్లు చేరవేస్తోంది. వాళ్లు ఆమెను తమ మనిషి అనుకుంటున్నారు."

"మరి ఆమె ఏమనుకుంటోంది సార్?"

పెద్దాయన రెండో పెన్సిల్ అందుకున్నాడు.

*

ఆ ఆఫీసు బిల్డ్ రూమ్‌లో పదిమంది తలొంచుకుని పనిచేస్తున్నారు. కిటికీ పక్క టేబుల్ ఖాళీ. దాని మీద సగం తాగిన కాఫీ కప్పు అలాగే ఉంది. తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

ఏజెంటు నిచ్చెన వేసుకుని ఏసీ మూత విప్పుతుంటే కింద హీల్స్ చప్పుడు ఆగింది. పొడవాటి మనిషి. కళ్లకు దట్టంగా కాటుక, భుజం మీద ఖరీదైన కోటు. ఆమె నడిచొచ్చిన దారి పొడవునా కుర్రాళ్ల తలలు తిరిగాయి.

"ఇక్కడ ఉక్కగా ఉంది కదూ?" అంది.

"ఉక్క కాదు మేడం. గాలి దారి తప్పింది."

కోడ్ సరిపోయింది. ఆమె చిన్నగా నవ్వింది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం అని ఒక్క చూపులో అర్థమైపోయింది ఏజెంటుకు. అతనికి ఆవలింత ఆగలేదు.

"నిద్ర సరిపోలేదా?"

"అలవాటు మేడం."

ఆమె అతన్ని టీమ్ లీడ్ దగ్గరికి తీసుకెళ్లి, డిపార్ట్‌మెంట్ మనిషని చెవిలో చెప్పింది. ఆ లీడ్‌ను ఆఫీసంతా 'బాబాయ్' అంటారు. లావుపాటి మనిషి, ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి. చచ్చిపోయినవాడికి పని నేర్పింది ఆయనే.

"బాబాయ్, మీరు ఊడ్వని మూల ఏది?" సూటిగా అడిగాడు ఏజెంటు.

"అంటే?"

"మీవాడు చివరగా అన్న మాట అది."

బాబాయ్ స్క్రీన్ తిప్పాడు. "చూడు తమ్ముడూ. మేం రాసేది సోర్స్. యంత్రం దాన్ని వండి వేల ఫైళ్లు చేస్తుంది. ఈ వంటనే బిల్డ్ అంటాం, అన్నీ కలిపితే రైలుకి పంపే ప్యాకేజీ. మళ్లీ వండే ముందు 'క్లీన్' అని ఒకటి నడిపి పాత ఫైళ్లను ఊడ్చేస్తాం. లేకపోతే నిన్నటి గిన్నె కడక్కుండా ఇవాళ పొయ్యి మీద పెట్టినట్టే. అన్నీ ఊడుస్తాం. ఒక్క..."

ఆయన వేలు స్క్రీన్ మీద ఒక ఫోల్డర్ దగ్గర ఆగింది.

"ఒక్కటి తప్ప," పూర్తిచేశాడు ఏజెంటు.

"పట్టాల లెక్కలు," అన్నాడు బాబాయ్. "ట్రాకు మీద ఎక్కడ ఎంత బ్రేకు పడాలో ఆ లెక్కల ఫైళ్లు. మళ్లీ తయారు చేయాలంటే ఐదు గంటలు. రోజూ ఐదు గంటలు ఎవడు కూర్చుంటాడు? అందుకని ఆ ఫోల్డర్ ముట్టుకోవద్దని క్లీన్‌కి మినహాయింపు రాశాను. బిల్డ్ అరగంటలో అయిపోతోందని అందరూ మెచ్చుకున్నారు కూడా. అప్పట్నుంచి ఏడాదిగా ఆ ఫోల్డర్ వైపు చూసినవాడు లేడు."

సోర్స్‌ను ఎన్నిసార్లు తనిఖీ చేస్తే ఏం లాభం? చెద వాళ్లు సోర్స్ జోలికే పోలేదు. ఎవరూ ఊడ్వని ఫోల్డర్‌లో, వండేసిన ఫైలు ఒకటి తెచ్చి పడేశారు. ప్రతి బిల్డూ దాన్ని భక్తిగా ప్యాకేజీలో కలుపుకుంటూ పోయింది. ఇవాళ పొద్దున రైలులోకి ఎక్కింది ఆ ప్యాకేజీయే.

"అయితే ఆలోచించేదేముంది?" అంది కాటుక. "ఫోల్డర్ మొత్తం లేపేయండి. అన్ని ప్రాణాల ముందు ఐదు గంటలు ఒక లెక్కా?"

మాట వినడానికి ఎంతో బావుంది. గోడ గడియారంలో మాత్రం రెండు దాటింది.

"రైలు నాలుగింటికి మేడం," అన్నాడు ఏజెంటు. "మనం ఇక్కడ ఊడ్చి లేచేసరికి అక్కడ వేరేవి ఏరుకోవాల్సి వస్తుంది." ఆ మాట అన్నాక అక్క మొహం కళ్లముందుకొచ్చి అతను ఆవలించాడు. "బాబాయ్, ఆ ఫోల్డర్‌లో ప్రతి ఫైలూ ఏదో ఒక సోర్స్ నుంచి పుట్టిందే కదా?"

"అవును. తల్లి లేకుండా ఎలా పుడుతుంది?"

"మరి వాళ్లు తెచ్చి పడేసినదానికి తల్లి ఉండదుగా."

బాబాయ్ కుర్చీ ముందుకు లాక్కుని టైపు చేయడం మొదలుపెట్టాడు. అదివరకు రాసిన మినహాయింపు కొట్టేశాడు. కొత్తది రాశాడు: ఈ ఫోల్డర్‌లో సోర్స్ ఉన్న ప్రతి ఫైలునూ ఉంచు, సోర్స్ లేనిదాన్ని ఊడ్చెయ్. "ఊడ్చే ముందు ఒక కాపీ తీసి తాళం వేసి ఉంచండి. రుజువు కావాలి," అన్నాడు ఏజెంటు. అదీ రాశాడు.

క్లీన్ నడిచింది. వేల ఫైళ్లలో తల్లి లేనిది ఒక్కటే తేలింది. పేరు మిగతావాటిలాగే బుద్ధిమంతుడి పేరు. చివర్న పచ్చగా వచ్చింది: క్లీన్ విజయవంతం.

గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కాటుక ఏజెంటు భుజం తట్టింది. "శభాష్! పెద్దాయనకీ రైళ్ల కంట్రోల్ రూమ్‌కీ నేను చెప్తాను," అంటూ బయటికి నడిచింది. కోటు జేబులోంచి నల్లటి గ్లవ్స్ కొసలు తొంగిచూశాయి. సర్వర్ రూమ్ చలికి అయ్యుంటుంది అనుకున్నాడు ఏజెంటు.

బాబాయ్ కొత్త బిల్డ్ మొదలుపెట్టబోయాడు. సరిగ్గా అప్పుడు ఏజెంటుకు ఆవలింత వచ్చింది. దవడలు నొప్పి పుట్టేంత ఆవలింత. తన కళ్లను, చెవులను అతను నమ్మకపోవచ్చు గానీ దాన్ని మాత్రం నమ్ముతాడు.

"ఆగండి బాబాయ్. క్లీన్ ఒక ఫైలును తీయలేకపోయిందనుకోండి. అప్పుడేమంటుంది?"

"ఏమీ అనదు," అన్నాడు బాబాయ్. అన్నాక ఆయన మొహం పాలిపోయింది. "నేనే అనొద్దన్నాను. ఎవడో ఒకడు ఏదో ఫైలు తెరిచిపెట్టుకుంటాడు, అది తీయలేక ఎర్రగా అరిచి బిల్డ్ ఆగిపోయేది. రోజూ ఈ గోల ఏంటని, తీయలేకపోతే మాట్లాడకుండా ముందుకెళ్లిపో అని సెట్టింగ్ పెట్టాను."

"నోరు మూయించారన్నమాట. ఇప్పుడు మాట్లాడనివ్వండి."

బాబాయ్ ఆ సెట్టింగ్‌లో ఒక్క మాట మార్చాడు. క్లీన్ మళ్లీ నడిచింది. ఈసారి స్క్రీన్ అడుగున ఎర్ర గీత. ఆ ఫైలు అక్కడే ఉంది, తీయడానికి కుదరడం లేదు, సర్వర్ రూమ్‌లోని ఒక ల్యాప్‌టాప్ దాన్ని గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"ఎవరిదది?"

"ఆడిటర్ మేడంది," అన్నాడు బాబాయ్.

*

సర్వర్ రూమ్ తలుపు తీయగానే చలి మొహాన కొట్టింది. వరసగా బీరువాల్లాంటి ర్యాకులు, వాటి మధ్య ఒక స్టూలు, స్టూలు మీద ల్యాప్‌టాప్. దాని పక్కన కాటుక. చేతులకు గ్లవ్స్ ఉన్నాయి. వేళ్ల మధ్య పెన్ను, పెన్ను చివర సూది.

"ఏసీ చూడ్డానికొచ్చావా?" అంది.

"వైరు పీకడానికొచ్చాను మేడం."

"మూడేళ్లు మీ పెద్దాయన నన్ను తన మనిషి అనుకున్నాడు. పాపం, మంచివాడు."

"మరి మీరు ఎవరి మనిషి?"

"గెలిచేవాళ్ల మనిషిని." ఒక్కడుగు ముందుకు వేసింది. "కంట్రోల్ రూమ్‌కి చెప్పేశాను. ఏసీ మెకానిక్ ఒకడు మతిచెడి ఫోన్లు చేస్తున్నాడు, పట్టించుకోవద్దని. ఆ బిల్డ్ ఇంజనీరు కూడా నీలాగే అడక్కూడని ప్రశ్నలడిగాడు."

సూది మెరిసింది. ఏజెంటు వీపు ర్యాకుకు తగిలింది. చెయ్యి బ్యాగ్‌లో సిలిండర్ మీట మీదకి పాకింది గానీ, ఆమె చూపు ఆ చేతి మీదనే ఉంది. మీట తిప్పేలోగా సూది దిగుతుంది. ఇంత భయం అతనికి ఇదివరకెన్నడూ వేయలేదు. ఆవలింత పొట్టలోంచి లేచింది. నోరు బార్లా తెరుచుకుంది, కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎంతకీ అయిపోదే!

"నేనంత విసుగు పుట్టిస్తున్నానా?" అంది కాటుక.

"లేదు మేడం. భయపెడుతున్నారు."

నిజం చెబితే నమ్మేదెవరు? ఆమె నవ్వబోయింది. అయితే ఆవలింత ఉందే, అది పక్కవాణ్ని వదలదు. ఒకరికి వస్తే ఎదుటివాళ్లకూ రావాల్సిందే. నవ్వబోయిన నోరు తెరుచుకుంది, తెరుచుకున్నది మూతపడలేదు, కాటుక పెట్టిన కళ్లు రెండూ గట్టిగా మూసుకున్నాయి. పేగులు లెక్కపెట్టే మనిషి తనే ఆవలించింది.

ఏజెంటు మీట తిప్పాడు. తెల్లటి పొగ బుస్సుమని గది నింపేసింది. పెన్ను నేల మీద టంగుమంది. పొగ విడిపోయేసరికి కాటుక ర్యాకు కాలికి కేబుల్ టైలతో బిగించి ఉంది, ల్యాప్‌టాప్ వైరు ఏజెంటు చేతిలో ఉంది.

పక్క గదిలోంచి బాబాయ్ కేక వినిపించింది. "పోయింది తమ్ముడూ! ఎర్ర గీత పోయింది! బిల్డ్ కొడుతున్నా!"

*

అరగంట బిల్డ్ ఆ రోజు యుగంలా సాగింది. కొత్త మినహాయింపు రాసి, రెండుసార్లు ఊడ్చి, ఆ ఎర్ర గీతతో కుస్తీ పట్టేసరికే మూడున్నర దాటింది. ప్యాకేజీ తయారయ్యేటప్పటికి నాలుగు దాటింది, రైలు కదిలిపోయింది.

"రైలు కదులుతున్నా రేడియో మీద పంపొచ్చు," అన్నాడు బాబాయ్ చెమట తుడుచుకుంటూ. "కానీ సొరంగంలో రేడియో అందదు. ఎక్కించాలంటే రైలు ఆగి ఉండాలి. నిమిషం పడుతుంది."

ఏజెంటు కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేశాడు. "ఏసీ మెకానిక్కేనా?" అని అవతల ఎవరో నవ్వి పెట్టేశారు. రైలు ఆపించడానికి వెళ్లిన పెద్దాయన ఇంకా మంత్రిగారి గది బయట కూర్చుని ఉన్నాడు, లోపలికి పిలుపు రాలేదు.

"డ్రైవర్ క్యాబిన్‌కు టెస్టింగ్ లైన్ ఒకటుంది," అన్నాడు బాబాయ్.

రెండు రింగులకు ఎత్తింది.

"క్యాబిన్. చెప్పండి."

"అక్కా, నేను. రైలు ఆపు."

"ఒరేయ్! ఈ లైన్ నీకెవరిచ్చారు? పని మీదున్నాను, పెట్టెయ్."

"సొరంగం ముందు ఆపక్కా. ఒక్క నిమిషం."

"నీకు ఎప్పుడూ ఒక్క నిమిషమే! నా పెళ్లికి కూడా ఒక్క నిమిషం అని భోజనాలయ్యాక వచ్చావు. ఆర్డర్ లేకుండా ఆపితే నన్ను మళ్లీ గూడ్సు బండి మీదకి కూడా రానివ్వరు, తెలుసా? ఈ సీటు కోసం ఎంత పడ్డానో నీకు తెలియదా?"

"తెలుసక్కా."

"ఎదురుగా సొరంగం కనిపిస్తోంది. ఏసీలు బాగుచేసుకునేవాడివి, నీకు రైళ్ల సంగతి ఎందుకురా?"

చెప్పడానికి ఎంతో ఉంది. చెద, కాటుక, తల్లి లేని ఫైలు. నోరు తెరిస్తే ఆవలింత వచ్చింది. కీచుగా, వణుకుతూ, చిన్నప్పుడు పెరటి గుమ్మం దగ్గర వచ్చినట్టే వచ్చింది.

అవతల చక్రాల చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"ఎంత భయంగా ఉందిరా?" అంది అక్క. గొంతు పూర్తిగా మారిపోయింది.

"చాలా అక్కా."

ఆ తర్వాత వినిపించింది బ్రేకుల కీచు. బయట ఇంకా బ్రేకులు పనిచేస్తున్నాయి. ఇంజను ముక్కు సొరంగం నోటి దాకా వెళ్లి, రైలు ఆగింది.

"పంపు బాబాయ్!"

స్క్రీన్ మీద గీత నిండడం మొదలైంది. ఫోన్‌లో కంట్రోల్ రూమ్ అరుపులు వినిపిస్తున్నాయి. ఎందుకాగారు, కదలండి, నిమిషం దాటితే రైలును మేమే ఇక్కణ్నుంచి నడిపిస్తాం అంటున్నారు. కొత్త లైన్‌లో ఆ సదుపాయం కూడా పెట్టారు మరి.

"పట్టాల మీద ఏదో కనిపించింది సార్, చూస్తున్నాను," అంటోంది అక్క తాపీగా. జీవితంలో అబద్ధమాడని మనిషి.

గీత సగానికొచ్చింది. ముప్పావుకొచ్చింది. కాస్త మిగిలి ఉండగా అక్కడే నిలబడిపోయింది. బాబాయ్ చనిపోయినవాడి కప్పు వైపు చూసి దణ్ణం పెట్టాడు. కంట్రోల్ రూమ్ వాళ్లు పది నుంచి వెనక్కి లెక్కపెడుతున్నారు. మూడు, రెండు... గీత నిండింది. బ్రేకు సాఫ్ట్‌వేర్ ఆరి, మళ్లీ వెలిగింది.

"ఇప్పుడు నడుపక్కా," అన్నాడు ఏజెంటు.

"నడపనా? నిజంగా?"

అతనికి ఆవలింత రాలేదు. "నిజంగా," అన్నాడు.

*

తాళం వేసి దాచిన ఆ ఒక్క ఫైలు కాపీ పట్టుకుని డిపార్ట్‌మెంట్ చెదను పుట్టతో సహా తవ్వి తీసింది. ఆ రాత్రే పెద్దాయన ఫోన్ చేశాడు. ఆర్డర్ లేకుండా రైలు ఆపినందుకు అక్కకు ఇచ్చిన మెమో వెనక్కి తీసుకున్నారట, దాని బదులు దండ వేస్తారట. బాబాయ్ రాసిన రాజీనామా మాత్రం పెద్దాయనే చించేశాడట. వదిలిన మూల ఏదో తెలిసినవాడే దాన్ని రోజూ ఊడుస్తాడని ఆయన లెక్క.

ఫోన్ పెట్టేసరికి అక్క గుమ్మంలో ఉంది. డ్రైవర్ టోపీ ఇంకా తీయలేదు. తమ్ముణ్ని దగ్గరకు లాక్కుని, ఒక్కసారి గట్టిగా పట్టుకుని వదిలేసింది. తర్వాత గది చుట్టూ చూసింది.

"ఏసీ మెకానిక్‌కి నా బ్రేకుల సంగతి ఎలా తెలిసిందని అడగను," అంది. "నువ్వు చెప్పవు కూడా. కానీ ఇదేంట్రా? గదంతా ఊడ్చి, మంచం కింద ఎందుకు వదిలేశావు?"

"దానికి మినహాయింపు ఉందక్కా."

అప్పుడే మంచం కింద ఏదో కదిలింది. విదేశీ ముఠాను పట్టిచ్చిన ఏజెంటు నోరంతా తెరిచి ఆవలించాడు. అక్క నిట్టూర్చి చీపురు అందుకుంది.